సాక్ష్యంలో చెప్పని మాత్ర

నాకు హెచ్.ఐ.వి. ఉంది. ఉందని తెలిసింది 2006లో. అంతకు ముందు ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు. ఎలా వచ్చిందో మాత్రం ఇక్కడ రాయను. ఈ జబ్బు పేరు చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. మన జవాబును బట్టి జాలి కొలిచి పోస్తారు. ఒక జవాబుకి గ్లాసు నిండా, ఇంకో జవాబుకి అడుగున చుక్క. మా ఆయనకి తెలుసు, మా డాక్టరుకి తెలుసు, దేవుడికి తెలుసు. ఆ ముగ్గురూ చాలు. నేను రాయాలనుకున్నది జబ్బు గురించి కాదు. ఆ జబ్బుతో నిక్షేపంలా బతుకుతూ నేను ఆడిన ఒక అబద్ధం గురించి.

అప్పటికి మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని రెండేళ్ళయింది. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం నా పని. ఇంట్లో కూడా అదే పని చేస్తానని మా ఆయన ఫిర్యాదు. ఆ చలికాలం నన్నొక పొడి దగ్గు పట్టుకుంది. అల్లం, మిరియాలు, తేనె అన్నీ అయ్యాయి. జీన్స్ నడుం దగ్గర జారిపోతుంటే సన్నబడ్డానని సంతోషపడ్డాను కూడా. చివరికి ఒకరోజు మేడ మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోతే ఆయన హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. న్యుమోనియా అన్నారు. మామూలు న్యుమోనియా కాదన్నారు. ఇంకో టెస్ట్ చేస్తామన్నారు. రిజల్ట్ చెప్పడానికి వచ్చిన డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కూర్చుని చెప్పే కబురు మంచిదై ఉండదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

అంతా చెప్పి, నా ఏడుపు అయ్యేదాకా ఆగి, ఆయన ఇంకో మాట అన్నాడు. మాత్రలు ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటే నువ్వు ముసలిదానివవుతావు అని. ముసలిదానివవుతావని ఒక మగవాడు అంటే సంతోషంతో మళ్ళీ ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన కూడా టెస్ట్ చేయించుకున్నారు. ఆయనకి లేదు. ఆ రోజు నేను దేవుడికి చెప్పుకున్న స్తోత్రం మాత్రం నిజమైనది.

మా సంఘం గురించి చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలం ఓ అరవై ఇళ్ళవాళ్ళం ఉన్నాం. ఒక అమెరికన్ చర్చి బిల్డింగ్‌ని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని తెలుగులో ఆరాధన చేసుకుంటాం. నేను హాస్పిటల్‌లో ఉన్నానని తెలియగానే గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. అంటే ఒక కాగితం మీద రోజులో ఉన్న ఇరవై నాలుగు గంటలకీ గళ్ళు గీసి, గంటకొకరు పేరు రాసుకుంటారు. ఆ గంటలో ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా ఆ మనిషి నాకోసం ప్రార్థన చెయ్యాలి. తెల్లవారుజాము మూడు గంటల గడిలో ఎవరూ పేరు రాయరు. అక్కడ రాసుకున్నది ఒక అక్క. ఈ రాతంతా ఆ అక్క గురించే.

అందరూ ఆవిడని అక్కా అనే పిలుస్తారు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళ కిందటే భర్తతో వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఆయన లివర్ పాడై పోయాడని చెప్పేవారు. ఒక్క కొడుకు, వేరే రాష్ట్రంలో ఉద్యోగం. ఆవిడ ఒక స్కూల్ కఫెటీరియాలో పనిచేసేది. చర్చిలో భోజనాలంటే వంటగది ఆవిడ చేతిలో ఉన్నట్టే. నేను ఇంటికొచ్చాక ఆరు వారాలు మాకు భోజనం సంఘం నుంచే వచ్చింది. అందులో సగం ఆ అక్క వండిందే. జబ్బేమిటని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినవాళ్ళకి మేం చెప్పింది, రక్తంలో ఇన్ఫెక్షన్ అని.

భయానికి కారణాలు ఉండేవి. మేం ఇంకా వీసా మీదే ఉన్నాం. గ్రీన్ కార్డ్ మెడికల్‌లో అప్పట్లో ఈ టెస్ట్ ఉండేది. ఉందని తేలితే కార్డ్ రావడం దాదాపు కలే. ఆఫీస్‌లో లంచ్ దగ్గర అందరూ గ్రీన్ కార్డ్ వంతు ఎప్పుడొస్తుందో చెప్పే ప్రయారిటీ డేట్ల గురించి మాట్లాడుకుంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పెరుగన్నం తినేదాన్ని. ఇక మనవాళ్ళ సంగతి సరే సరి. ఫ్రిస్కోలో ఏ కౌంటర్ వెనక చూసినా మనవాళ్ళే. మా ఇంటి దగ్గర ఫార్మసీలో పనిచేసే అమ్మాయి నన్ను ఆంటీ అని పిలుస్తుంది. అందుకని ముప్ఫై మైళ్ళు డ్రైవ్ చేసి, తెలుగు మొహం కనపడని ఒక ఊళ్ళో నా మందులు తెచ్చుకునేదాన్ని. ఇంటికొచ్చాక వాటిని విటమిన్ల సీసాలోకి పోసి, అసలు సీసా లేబుల్ వేణ్ణీళ్ళలో నానబెట్టి గీకేసేదాన్ని.

మాత్ర ఒక్కటే. రోజుకొకటి, పడుకునే ముందు, ఖాళీ కడుపుతో. వినడానికి ఎంత సులువు! కానీ అది నూనె పడిన కడుపులో పడిందా, తల గానుగెద్దులా తిరిగేది. మనవాళ్ళ ఇళ్ళల్లో పుట్టినరోజు భోజనం పదింటికి గానీ పెట్టరు. పెట్టేది బిర్యానీ. మొదట్లో రెండుసార్లు తినొచ్చి మాత్ర వేసుకుని, బాత్రూం గోడ పట్టుకుని నడిచాను. ఆ తరవాత ఎవరింటికెళ్ళినా ఇంట్లో ఆరున్నరకే తిని వెళ్ళేదాన్ని. "మీ ఆవిడ డైటింగా, మా వంట నచ్చదా" అని మా ఆయన్ని అడిగేవాళ్ళు. ఆయన నవ్వేసి రెండు ప్లేట్లు తినేవారు. నా మూలంగా ఆయన బరువు పెరిగిన మాట వాస్తవం.

ఆ మాత్రకి ఇంకో గుణం ఉంది. కలలు. మామూలు కలలు కావు, రంగులతో, వాసనలతో సహా వచ్చేవి. నేను ఇంటర్ పరీక్ష హాల్లో కూర్చుని ఉంటే ఇన్విజిలేటర్ నా రక్తం రిపోర్ట్ చదివి వినిపిస్తుంటాడు. లేచేసరికి నైటీ తడిసి ఉండేది. అయినా ఒక్కరోజు మానలేదు. ఇండియా వెళ్ళినప్పుడు టైం మారితే కాగితం మీద లెక్క వేసుకుని మరీ వేసుకున్నాను.

మిగతాదంతా మా డాక్టరు చెప్పినట్టు నడిచేది. మూడు నెలలకోసారి బ్లడ్ టెస్ట్. ఫ్లూ షాట్ అందరికన్నా ముందు నాకే. ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరు. కొలెస్ట్రాల్ పెరిగిందంటే నెయ్యి మానేశాను. ముద్దపప్పులో నెయ్యి లేకుండా తిన్న మొదటి రోజు, జబ్బు సంగతి తెలిసిన రోజు కంటే ఎక్కువ కుంగిపోయానని మా ఆయన ఏడిపిస్తారు. ఆకుకూర మూడు నీళ్ళు మార్చి కడిగేదాన్ని. ఎవరో కషాయం ఇస్తే, ఇంకెవరో ఊరి నుంచి తెచ్చిన లేహ్యం ఇస్తే, డాక్టర్ని అడక్కుండా నోట్లో పెట్టేదాన్ని కాదు. పొద్దున్నే నలభై నిమిషాలు నడిచేదాన్ని. మా కాలనీలో కుక్క లేకుండా నడిచేది నేనొక్కదాన్నే. కారు చెడిపోయిందేమోనని రెండుసార్లు ఎవరో ఆపి రైడ్ కావాలా అని అడిగారు. ఏడాదిన్నర తిరిగేసరికి బుగ్గలొచ్చాయి. జుట్టు ఒత్తుగా పెరిగింది. రక్తంలో వైరస్ మెషిన్‌కి దొరకనంత తక్కువకి పోయిందని రిపోర్ట్ వచ్చింది. డాక్టరు ఆ కాగితం మీద వేలు పెట్టి, ఇది పోయిందని కాదు, మాత్ర దాన్ని అణచిపెట్టిందని అర్థం, మానేస్తే మళ్ళీ లేస్తుంది అని నొక్కి చెప్పాడు. కాబట్టి నాకు తెలియక అన్నానని చెప్పుకునే వీలు లేదు.

మా సంఘంలో ప్రార్థన చేయించుకుని బాగుపడ్డవాళ్ళు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడమే సాక్ష్యం. ఎవరూ బలవంతం చెయ్యరు. ఊరికే అడుగుతారంతే. నేను దాదాపు రెండేళ్ళు తప్పించుకున్నాను. నాకోసం గంటలు పంచుకున్న వాళ్ళ ముందు అలా మౌనంగా కూర్చుని రావడం, విందు తిని చెప్పకుండా వెళ్ళిపోయినట్టు ఉండేది. 2009 ఈస్టర్ నాడు ఇక తప్పలేదు. పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డాను.

ఏం చెప్పానో బాగా గుర్తుంది. రక్తంలో వైరస్ చేరిందని, ఒంట్లో జబ్బుతో పోరాడే కణాలు పూర్తిగా పడిపోయాయని, దీన్ని పూర్తిగా తీసేసే మందు లోకంలో లేదని డాక్టర్లు అన్నారని చెప్పాను. మీరంతా ప్రార్థించారు, ఇప్పుడు నా రక్తంలో ఆ వైరస్ కనపడటం లేదని రిపోర్ట్ వచ్చింది అని చెప్పాను. ఒక్క మాటా అబద్ధం కాదు. అంతా ముందే మనసులో రాసుకున్నాను, ప్రోగ్రాం రాసినట్టు. మాత్ర సంగతి ఒక్కటే తీసేశాను. హల్లెలూయ అని హాలంతా లేచి నిలబడింది. పాస్టర్ గారి కళ్ళల్లో నీళ్ళు. ఆయన షుగర్ పేషెంట్, మందులూ దేవుడిచ్చినవే అని చాలాసార్లు చెప్పిన మనిషి. నేను చెప్పి ఉంటే సంతోషంగా విని ఉండేవారు. నాకు ఆ రోజు చాలా బాగుంది. దాచుకోవడం ఎందుకు, అంతమంది నన్ను అలా చూస్తుంటే పెళ్ళినాటి కంటే బాగుంది.

భోజనాలయ్యాక నేను వంటగదిలో అక్కకి సాయం చేస్తున్నాను. బిర్యానీ ట్రేలు నానబెట్టి ఉన్నాయి. మిగతావాళ్ళు హాల్లో కుర్చీలు మడుస్తున్నారు. అక్క కుళాయి కట్టేసింది.

"ఒక్క మాటమ్మా" అంది మెల్లగా. "నువ్వు ఆ జబ్బుకి మందులేమన్నా వాడుతున్నావా ఇంకా?"

నా హ్యాండ్‌బ్యాగ్ పక్కనే కౌంటర్ మీద ఉంది. అందులో ఎక్కడికెళ్ళినా వెంట ఉండే విటమిన్ల సీసా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈవిడకి తెలిసిపోయింది, జబ్బు పేరు పసిగట్టింది, రేపు అరవై ఇళ్ళకీ చేరుతుంది అనుకున్నాను. వండిపెట్టిన ఆరు వారాలూ ఒక్కసారి కూడా అడగని మనిషి ఇప్పుడెందుకు అడుగుతోందని ఆలోచించలేదు.

"లేదక్కా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మానేసి చాలా రోజులైంది. ఇక అవసరం లేదు. అంతా దేవుని కృప."

ఆవిడ తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని నా చేతులు రెండూ పట్టుకుంది. "ఎంత విశ్వాసం తల్లీ నీది" అంది. నేను సిగ్గుపడ్డట్టు నవ్వాను.

కార్‌లో మా ఆయన పాటలు కట్టేశారు. ఫ్రీవే ఎక్కాక, "మాత్ర సంగతి చెప్పలేదేం?" అన్నారు.

"చెబితే ఏం మాత్ర అని అడగరా?"

"అడిగితే అడుగుతారు. నేననేది నీ గురించి కాదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఇంకెవరికన్నా ఏదన్నా ఉంటే?"

"ఎవరికుంటుందండీ మనవాళ్ళలో?" అన్నాను. నాకు ఉండగా అన్నాను ఆ మాట.

ఆ వేసవిలో అక్క వెలిగిపోయింది. నిద్ర బాగా పడుతోందమ్మా, ఎన్నేళ్ళకో ఇలా పడుతోంది అని నాకు ప్రత్యేకంగా వచ్చి చెప్పింది. సంతోషం అక్కా అన్నాను. అక్టోబర్‌కి జాకెట్లు వదులయ్యాయి. క్రిస్మస్ పాటలు నేర్చుకునే రోజుల్లో మధ్యలో ఆగి దగ్గేది. పొడి దగ్గు. ఆ దగ్గు చప్పుడు నాకు తెలుసు. సంఘంలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు, నాకు తెలుసు. వయసు అనుకున్నాను, షుగర్ అనుకున్నాను, కఫెటీరియాలో చలి అనుకున్నాను. తప్పులు పట్టడం నా ఉద్యోగం. కళ్ళెదుట ఉన్నదాన్ని మూడు నెలలు చూడనట్టు నటించాను.

జనవరిలో అక్కని హాస్పిటల్‌లో చేర్చారు. న్యుమోనియా అన్నారు. చూడటానికి వెళ్ళే ఆడవాళ్ళకి వంతులు వేశారు. నాకు గురువారం వచ్చింది. ఫ్లాస్క్‌లో చారు, డబ్బాలో మెత్తటి అన్నం పట్టుకెళ్ళాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, మొహం చేటంతదల్లా చారెడంతైంది. నన్ను చూడగానే తలుపు వెయ్యమంది. మంచం దగ్గరికి రమ్మంది.

"ఎవరితో అనకమ్మా" అంది. "నీకు వచ్చిందే నాకూ ఉంది. ఆయన ఇచ్చి పోయాడు. ఏడేళ్ళు టాబ్లెట్స్ మింగాను. రాత్రి వేసుకునే టాబ్లెట్ మరీ. అది వేసుకుంటే రోజూ ఆయనే కల్లోకొస్తాడు. పోయిన రోజు ఎలా ఉన్నాడో అలా వస్తాడు. మూడింటికి లేచి కూర్చునేదాన్ని."

నాకోసం మూడు గంటల గడి ఎందుకు రాసుకుందో అప్పుడు తెలిసింది.

"నువ్వు మైకులో చెప్పిన రోజు నాకు అర్థమైపోయింది, ఇది అదేనని. నువ్వు మానేశానన్నావు కదా. ఇంత చిన్నపిల్లకి ఉన్న విశ్వాసం నాకు లేదా అనుకుని నేనూ మానేశా." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు డాక్టరు మళ్ళీ స్టార్ట్ చేయమంటున్నాడు. న్యుమోనియాకి ఇంజెక్షన్లు ఇచ్చుకోండి గానీ అది మాత్రం వద్దన్నాను. దేవుడికిచ్చిన మాట వెనక్కి తీసుకోలేనమ్మా. నువ్వు నాకోసం ప్రార్థన చెయ్యి. నీది వింటాడు."

అప్పుడే చెప్పాలి. నోరు తెరిస్తే అయిపోయేది. చేస్తానక్కా అన్నాను. చేశాను కూడా, ఆవిడ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెద్ద పెద్ద మాటలతో ప్రార్థన చేశాను. చారు తాగించి వచ్చేశాను. పార్కింగ్ గరాజ్‌లో కార్ ఎక్కడ పెట్టానో గుర్తురాక మూడు అంతస్తులు తిరిగాను.

ఇంటికొచ్చి ఎప్పటిలాగే ఖాళీ కడుపుతో నా మాత్ర నేను వేసుకున్నాను. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యమేస్తుంది. శుక్రవారం గడిచింది. శనివారం గడిచింది, ఆ రాత్రి మా ఆయనకి మాత్రం అంతా చెప్పాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటుండేది. తీసుకోవడానికి మూడు రోజులు ఆలోచించాను. ఆ నెలలోనే గ్రీన్ కార్డ్ మెడికల్‌లో ఈ టెస్ట్ ఎత్తేశారు, అంటే నాకు ఆ సాకు కూడా లేదు. ఆదివారం చర్చిలో అక్క పరిస్థితి బాగాలేదని, మళ్ళీ గొలుసు ప్రార్థన పెడదామని కాగితం తిప్పారు. నా దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేశారు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నారు. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

చర్చి నుంచి అటే వెళ్ళాం. ఆయన కారిడార్‌లో ఉండిపోయారు. నేను లోపలికెళ్ళి బ్యాగ్‌లోంచి సీసా తీసి, మూత విప్పి, ఒక మాత్ర ఆవిడ దుప్పటి మీద పెట్టాను. ఏడేళ్ళు మింగిన మనిషికి అదేమిటో చెప్పక్కర్లేదు.

"రోజూ వేసుకుంటున్నానక్కా. ఒక్కరోజు కూడా మానలేదు. ఆ రోజు నా బ్యాగ్‌లోనే ఉంది."

అక్క ఆ మాత్రని చాలాసేపు చూసింది. నన్ను చూడలేదు.

"అడిగాను కదమ్మా" అంది. "నిన్ను విడిగా పిలిచి అడిగాను కదా."

"భయమేసిందక్కా."

"నేనూ భయపడుతూనే అడిగాను."

తిట్టినా బాగుండేది. మొహం కిటికీ వైపు తిప్పుకుని, ఇంటికెళ్ళమ్మా అంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. నర్సు వచ్చి నన్ను లేపింది. ఆ వచ్చిన నర్సుని, మళ్ళీ మందు మొదలుపెడతానని డాక్టర్‌తో చెప్పమంది అక్క.

బతికింది. నెలన్నర పట్టింది ఇంటికి రావడానికి. కానీ పాత మందు ఇక పనిచెయ్యలేదు. ఆ రకం మందు మధ్యలో అలా మానేస్తే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుందని బ్లడ్ టెస్ట్ చేసి చెప్పారు. కొత్తవి ఇచ్చారు. పొద్దున మూడు, సాయంత్రం రెండు, అన్నీ తిండితో పాటు. వాటితో ఆవిడకి కడుపు ఎప్పుడూ బాగుండదు. కఫెటీరియా ఉద్యోగం మానేసింది. కలలు మాత్రం రావట్లేదంది. అది నన్ను ఓదార్చడానికి అన్నదో నిజమో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆవిడ కోలుకున్నాక నేను ఒక నిర్ణయానికొచ్చాను. సంఘం ముందు మళ్ళీ నిలబడి, జబ్బు పేరుతో సహా, మాత్రతో సహా అంతా చెప్పేస్తానని. ముందు అక్కకి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వు లేచి పేరు చెబితే, నీ సాక్ష్యం విని మానేసిందెవరా అని వెతుకుతారు. నా దగ్గు అందరూ విన్నదే. మా వాడికి కూడా తెలియదమ్మా. నీ మనసు తేలిక చేసుకోడానికి నన్ను బయట పెట్టకు."

సరేనన్నాను. ఒప్పుకోలేదని బాధపడ్డట్టు మొహం పెట్టాను గానీ, కార్‌లో కూర్చున్నాక నా ఒంట్లోంచి బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం ఆ ఊపిరి మీద. నా సాక్ష్యం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరికన్నా జబ్బు చేస్తే వాళ్ళని నా దగ్గరికి పంపుతారు. పక్కకి తీసుకెళ్ళి, మందులు మానొద్దు, నేనూ వాడుతున్నాను అని ఒక్కొక్కరికీ విడిగా చెబుతాను. ఏం మందు అని అడిగినవాళ్ళకి కూడా చెప్పాను, ఇద్దరికి. మైకు ముందు చెప్పింది విన్నది రెండు వందల మంది.

ఇది 2014లో రాస్తున్నాను. నాకు ఇప్పుడు కొత్త మాత్ర ఇచ్చారు. తిన్నాక వేసుకోవచ్చు, కలలు లేవు, మింగిన సంగతే తెలియదు. ఆదివారం ఆరాధన నుంచి అక్కని మా ఇంటికి తీసుకొస్తాను. సాయంత్రం కాస్త పెందరాళే ముగ్గురం భోజనానికి కూర్చుంటాం. ఆవిడ కోసం కారం తగ్గించి వండుతాను. నన్ను క్షమించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు, అడిగితే అదొక్కటీ కూడా ఆవిడే మొయ్యాలి. మా మధ్య అది తప్ప అన్ని మాటలూ ఉన్నాయి.

అన్నం వడ్డించాక అక్క తన రెండు మాత్రలూ కుడి అరచేతిలో పోసుకుంటుంది. ఎడమ చెయ్యి నా తల మీద పెడుతుంది. కళ్ళు మూసుకుని, తండ్రీ, ఈ బిడ్డ వేసుకునే ఆ ఒక్క మాత్ర కూడా అక్కర్లేని రోజు దీనికి చూపించు అని ప్రార్థన చేస్తుంది. తన వాటి సంగతి ఎత్తదు. ఎదురుగా మా ఆయన తల వంచుకుని ప్లేట్ వైపు చూస్తుంటారు. నేను ఆమెన్ అనేదాకా ఆవిడ మాత్రలు నోట్లో వేసుకోదు. అందుకని అంటాను.